హంతకుడు రాసుకున్న పంచనామా

“చంపినవాడే ఒప్పుకున్నాక ఇంకా సాక్ష్యం దేనికండీ?”

వార్సా ఘెట్టో తిరుగుబాటు ప్రస్తావన వచ్చిన చోటల్లా ఈ ప్రశ్న వింటున్నాను. ఈ మధ్య ఒక పుస్తక చర్చలో ఓ పెద్దాయన ఇంకో మెట్టు పైకెక్కారు. “మనవాళ్లు పొగిడితే అది అభిమానం కావచ్చు, శత్రువు పొగిడాడంటే అదే నిజం” అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. ఆయన చేతిలో ఉన్నది పోలిష్ రచయిత కాజిమియెష్ మోచార్‌స్కీ పుస్తకానికి ఇంగ్లిష్ అనువాదం. ఆ తిరుగుబాటును అణచిన నాజీ ఎస్‌ఎస్ దళాల జనరల్ యూర్గెన్ స్ట్రోప్‌తో జైలు గదిలో నడిచిన సంభాషణల పుస్తకం అది. ఆ పెద్దాయన మనసు మంచిది. ఘెట్టో పోరాటం మీద ఆయనకున్న గౌరవాన్ని నేను శంకించను. కానీ ఆయన మాట తప్పు, అదీ చిన్న తప్పు కాదు. చచ్చిపోయినవాళ్ల కథను చంపినవాడి నోటికి అప్పగించే తప్పు అది.

జరిగింది ముందు చెప్పుకుందాం. 1940 నవంబరులో నాజీలు వార్సా యూదులను గోడ కట్టి ఘెట్టో లోపల మూసేశారు. మూడున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేని చోట నాలుగు లక్షలకు పైగా మనుషులు. ఆకలి కొందరిని, టైఫస్ కొందరిని తీసుకుపోయింది. 1942 జూలై 22 నుంచి సెప్టెంబరు దాకా రెండున్నర లక్షలకు పైగా మనుషుల్ని రైళ్లలో కుక్కి ట్రెబ్లింకా సంహార శిబిరానికి పంపి విషవాయువుతో చంపారు. మిగిలిన యాభై అరవై వేల మందిలో కొందరు యువతీ యువకులు ఇక రైలెక్కేది లేదని తీర్మానించుకున్నారు. 1943 జనవరిలో మొదటిసారి ఎదురు తుపాకి పేలింది. ఏప్రిల్ 19న, పస్కా పండుగ మొదలవబోయే రోజు, ఘెట్టోను తుడిచిపెట్టడానికి బలగాలు లోపలికొస్తే పిస్తోళ్లతో, పెట్రోలు సీసాలతో, ఇళ్లలో చేసుకున్న బాంబులతో ఎదురు నిలిచారు. ఆ ఉదయం సాయుధ బలగాలు వెనక్కి తగ్గాయి. తర్వాత స్ట్రోప్ ఇల్లిల్లూ తగలబెట్టే పద్ధతి పట్టాడు. మే 8న మిలా వీధి 18వ నంబరు కింద ఉన్న రహస్య మాళిగలో తిరుగుబాటు నాయకుడు మొర్దెకై అనియెలెవిచ్, ఆయన సహచరులు ప్రాణాలు వదిలారు. మే 16 రాత్రి ఎనిమిదింపావుకు వార్సా మహా సినగాగ్‌ను పేల్చేసి, పని పూర్తయిందని స్ట్రోప్ పైవాళ్లకు రాసుకున్నాడు.

నా పేచీ ఆ రాతతోనే.

స్ట్రోప్ నివేదికను ఒకసారి దగ్గరగా చూడండి. టైపు చేసిన పేజీలు డెబ్బై అయిదు. ముందు సారాంశం, తర్వాత రోజువారీ టెలిప్రింటర్ సందేశాలు, చివర యాభై దాకా ఫొటోలు. దళసరి కాగితం, నల్లతోలు అట్ట. వార్సాలో యూదుల పేట ఇక లేదన్న సంబరమే దానికి పేరు. ఎస్‌ఎస్ అధినేత హిమ్లర్‌కు ఒక ప్రతి, క్రాకోలో కూర్చున్న పైఅధికారి క్రూగర్‌కు ఒకటి, తనకొకటి. పెళ్లి ఆల్బమ్‌కు తీసుకున్నంత శ్రద్ధ తీసుకున్నారు. తెరవగానే తన వైపు చనిపోయినవాళ్ల జాబితా ఉంటుంది: పదహారు మంది, పేరు పేరునా, హోదాలతో సహా. తర్వాత యూదుల లెక్క వస్తుంది: 56,065. ఆ అంకె వెనక పేర్లు లేవు. అనియెలెవిచ్ ఉన్న మాళిగ మీద దాడి సంగతి రాసినప్పుడు కూడా ఫలానా హోదావాళ్లు హతమయ్యారనే తప్ప వాళ్లెవరో లేదు. పదహారు మందికి పేర్లు, యాభై ఆరు వేల మందికి అంకె. ఇలాంటి కాగితాన్ని మనం తిరుగుబాటుకు ‘తిరుగులేని ఆధారం’ అంటున్నాం.

నేరాంగీకారానికి లోకం అంత విలువ ఎందుకిస్తుంది? తన మెడకు తానే ఉరి బిగించుకునే అబద్ధం ఎవడూ ఆడడు కనుక. ఆ తర్కంలో బలముంది, ఒప్పుకుంటాను. కానీ 1943 మే నెలలో స్ట్రోప్ మెడకు ఉరి ఎక్కడుంది? పడబోయేది దండ. జూన్ 18న మొదటి తరగతి ఐరన్ క్రాస్ అతని గుండె మీదికి వచ్చింది. ఆ నివేదికలో ఒప్పుకోలు అనేదే లేదు. అది పతకం కోసం పెట్టుకున్న దరఖాస్తు. దరఖాస్తులో ఎవరైనా ఏం రాస్తారు? పని ఎంత కష్టమైందో, తాను ఎంత సమర్థంగా చేశాడో రాస్తారు. రెండున్నరేళ్లు తిరిగి 1945 డిసెంబరు 14న అదే కాగితం నురెంబర్గ్ న్యాయస్థానంలో ప్రాసిక్యూషన్ చేతికి వచ్చిందంటే, అది యుద్ధం తిరగబడటం వల్ల జరిగింది. స్ట్రోప్ నిజాయితీ వల్ల కాదు. జర్మనీ గెలిచి ఉంటే ఆ తోలు పుస్తకం ఏ మ్యూజియంలో ఏ అద్దాల పెట్టెలో ఉండేదో ఒక్కసారి ఊహించండి.

ఇక శత్రువు పొగడ్త సంగతి. పులిని కొట్టినవాడు ఊళ్లో చెప్పేటప్పుడు దాని పొడుగు జానెడు పెంచే చెబుతాడు. పులి మీద ప్రేమతో కాదు. రోజుకు సగటున 36 మంది అధికారులు, 2,054 మంది సిబ్బంది పనిచేశారని స్ట్రోపే లెక్క రాశాడు. మెషిన్ గన్నులు, ఫిరంగి, సాయుధ వాహనాలు, మంటలు చిమ్మే యంత్రాలు. ఇన్ని పెట్టుకుని, ఆకలితో ఎండిన మనుషుల పేటను కాల్చడానికి నాలుగు వారాలు పట్టింది. హిమ్లర్‌కు సంజాయిషీ కావాలి. అందుకే నివేదిక నిండా ‘బందిపోట్లు’ కనిపిస్తారు. అందుకే పోలిష్ ‘బందిపోట్లు’ కూడా గుంపులుగా కలిసి పోరాడారని రాశాడు. ఎదుటివాడు పెద్దవాడైతేనే తన ఆలస్యానికి అర్థం, తన పతకానికి విలువ. ఆ పేటలో పోరాడినవాళ్ల ధైర్యం నిజం. దానికి రుజువుగా స్ట్రోప్ ఆశ్చర్యాన్ని తెచ్చి చూపించనక్కర్లేదని మాత్రమే అంటున్నాను.

అతను ఎక్కువగా ఆశ్చర్యపోయింది ఆడపిల్లల గురించి. రెండు చేతుల్తో రెండు పిస్తోళ్లు పేల్చారని, లోదుస్తుల్లో చేతిబాంబులు దాచుకుని చివరి క్షణంలో విసిరారని నివేదికలో రాశాడు. ఆరేళ్ల తర్వాత జైలు గదిలో అదే సంగతి మరింత ఉత్సాహంగా చెప్పాడు. మన వక్తలు ఇక్కడికి వచ్చేసరికి గొంతు పెంచుతారు: “చూశారా, వాడే మెచ్చుకున్నాడు!” అక్కడితో చదవడం ఆపేస్తారు. ఆ వెంటనే అతను చెప్పింది ఏమిటంటే, ఇక ఆ పిల్లల్ని ఖైదీలుగా పట్టుకోవద్దని, దగ్గరికి రానివ్వకుండా దూరం నుంచే కాల్చి పారేయమని ఆజ్ఞ ఇచ్చానని. మెచ్చుకోలు, మరణశాసనం ఒకే ఊపిరిలో వచ్చాయి. మొదటిది రెండోదానికి కారణం చూపడానికే వచ్చింది.

ఆ నివేదికలో ఒక ఫొటో ఉంది. ముగ్గురు యువతులు. ఆయుధాలతో పట్టుబడ్డ హలుత్స్ పిల్లలని కింద రాసి ఉంటుంది. పాలస్తీనాకు వెళ్లి సేద్యం చేసుకుంటూ బతకాలని కలగన్న యూదు యువజన ఉద్యమం హెహలుత్స్. స్ట్రోప్ మనుషులకు అది ఒక రకం పేరు, వేటలో పడిన జంతువు ఏ జాతిదో రాసుకున్నట్టు. ఆ ముగ్గురిలో ఒకరు మాల్కా జ్ద్రొయెవిచ్. మైదానెక్ శిబిరానికి పంపితే బతికి బయటపడి, ఇజ్రాయెల్ చేరి, తన కథ తాను చెప్పుకుంది. పక్కనున్న ఇద్దరూ బ్లూమా, రఖేలా విషోగ్రోద్‌స్కా అని మనకు తెలుసు. ఫొటో తీసినవాడికి అక్కర్లేని మూడు పేర్లు అవి. ఇప్పుడు చెప్పండి, ఆ ఫొటోకు ప్రామాణికమైన వ్యాఖ్య ఎవరిది?

“అయినా అతని మాటలన్నీ ఒకదానికొకటి సరిపోతున్నాయి కదా” అనేవాళ్లకు స్ట్రోప్ మాటల చరిత్ర తెలియదు. 1943లో అంతా ‘నేను’. 1945 మేలో అమెరికన్లకు దొరికినప్పుడు ఒంటి మీద మామూలు పదాతిదళ కెప్టెన్ దుస్తులు, పేరు యోజెఫ్ స్ట్రౌప్. రెండు నెలలకు గానీ అసలు పేరు బయటపడలేదు. 1946 ఫిబ్రవరిలో నురెంబర్గ్ విచారణ కోసం ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలంలో ఆ ‘నేను’ మాయమైంది. మరణశిక్షల ఆజ్ఞలు బెర్లిన్ నుంచి, భద్రతా ప్రధాన కార్యాలయ అధిపతి కాల్టెన్‌బ్రున్నర్ దగ్గర్నుంచి వచ్చాయట. వార్సా భద్రతా పోలీసు అధిపతి లుడ్విగ్ హాన్‌కు తాను ఆజ్ఞలివ్వనే లేదట. అదే మనిషి, అదే నాలుగు వారాల గురించి, మూడేళ్ల తేడాతో. హాన్ పాత్ర నిజమే. 1970లలో హాంబర్గ్ న్యాయస్థానం అతనికి యావజ్జీవం వేసింది కూడా. కానీ అది స్ట్రోప్ మాట నమ్మి వేసిన శిక్ష కాదు, ఏళ్ల తరబడి ఇతర సాక్ష్యాలు కూడగట్టి వేసిన శిక్ష. 1951 జూలైలో వార్సా న్యాయస్థానం ముందు నిలబడ్డప్పుడు స్ట్రోప్ మళ్లీ ఆజ్ఞల చాటుకే పోయాడు. 1952 మార్చి 6న మొకోటుఫ్ జైల్లో ఉరి తీశారు.

ఈ రెండు విచారణలకూ మధ్యలో మోచార్‌స్కీ పుస్తకానికి మూలమైన రోజులు వస్తాయి. ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే మోచార్‌స్కీ నాకు పూజ్యుడు. నాజీలతో పోరాడిన పోలిష్ అజ్ఞాత సైన్యంలో అధికారి. నాజీలు పోయాక వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం ఆయన్ని 1945 ఆగస్టులో జైల్లో వేసింది. పెట్టిన చిత్రహింసలను ఆయన తర్వాత ఒక వినతిపత్రంలో రకాలవారీగా లెక్కవేస్తే నలభై తొమ్మిది తేలాయి. 1949 మార్చి 2 నుంచి నవంబరు 11 దాకా, 255 రోజులు, ఆయన్ని స్ట్రోప్‌తో ఒకే గదిలో ఉంచారు. మూడోవాడు షీల్కే అనే చిన్న ఎస్‌ఎస్ ఉద్యోగి. నాజీలను ఎదిరించినవాడికీ నాజీ జనరల్‌కూ ఒకే నేల, ఒకే తిండి. అంతకంటే అవమానం ఉంటుందా? ఆ అవమానాన్ని ఆయన చరిత్రకు పనికొచ్చేలా మార్చుకున్నారు. అది ఆయన గొప్పతనం.

కానీ పుస్తకం ఎలా పుట్టిందో మరిచిపోకూడదు. గదిలో ఆయన ఏదీ రాసుకోలేకపోయారు. 1952లో మరణశిక్ష పడింది, తర్వాత అది యావజ్జీవమైంది, 1956లో విడుదలయ్యారు. ‘ఓద్రా’ మాసపత్రికలో ధారావాహికగా రావడం మొదలైంది 1972లో. పుస్తకంగా వచ్చేసరికి 1977, ఆయన కన్నుమూసి రెండేళ్లు. కోతలు లేని ప్రతి 1992 దాకా రాలేదు. అంటే ఆ పుటల్లో స్ట్రోప్ ధారాళంగా మాట్లాడే మాటలు, రెండు దశాబ్దాల తర్వాత ఒక మహా జ్ఞాపకశక్తి గల మనిషి కూర్చుకున్న మాటలు. పత్రాలతో ఆయన సరిచూసుకున్నారు, నిజమే. అయినా ఇది సాహిత్యం, గొప్ప సాహిత్యం. టేపు రికార్డరు కాదు. దానిలోంచి ఒక వాక్యం పీకి “స్ట్రోప్ స్వయంగా అన్నాడు” అని సభల్లో చదవడం మోచార్‌స్కీకి కూడా అన్యాయమే.

పైగా ఆ గదిలో స్ట్రోప్‌కు ఎదురుగా ఉన్నది ఎవరు? జడ్జి కాదు, చనిపోయినవాళ్ల బంధువూ కాదు. యుద్ధం తెలిసిన, జర్మన్ తెలిసిన, శ్రద్ధగా వినే తోటి ఖైదీ. ఉరికంబం దగ్గర పడుతున్న సేనానికి దొరికిన చివరి శ్రోత. అక్కడ మళ్లీ ‘నేను’ తిరిగొచ్చింది. సినగాగ్‌ను పేల్చిన క్షణాన్ని పండుగ బాణాసంచాలా వర్ణించిన మనిషి, కెప్టెన్ దుస్తులు పనికొస్తే కెప్టెన్ అయ్యాడు, ఆజ్ఞ పనికొస్తే దాసుడయ్యాడు, వీరత్వం పనికొస్తే వీరుడయ్యాడు.

తిరుగుబాటు మొదటి ఉదయం గురించి మనకు తెలుసుననుకున్నది ఎక్కడిదో చూడండి. స్ట్రోప్‌కు ముందు వార్సాలో ఎస్‌ఎస్ అధిపతి ఫాన్ సామెర్న్. అతను కంగారు పడ్డాడని, చేతులెత్తేశాడని, ఎనిమిది గంటలకు స్ట్రోప్ పగ్గాలు పట్టుకున్నాకే దారిలో పడిందని పుస్తకం తర్వాత పుస్తకం రాస్తుంది. ఇది చెప్పింది స్ట్రోప్. ఎవరి గురించి? ఎవరి కుర్చీలో తాను కూర్చున్నాడో వాడి గురించి. సామెర్న్‌ను క్రొయేషియాకు పంపేశారు, అక్కడ 1944లో గెరిల్లాల చేతిలో చచ్చాడు, జవాబు చెప్పుకునే అవకాశమే లేదు. వాడి మీద నాకు జాలి లేదు. రెండున్నర లక్షల మందిని ట్రెబ్లింకాకు పంపిన రోజుల్లో వార్సా ఎస్‌ఎస్ అధిపతి వాడే. నా బాధ వేరు. ఆ ఉదయాన్ని ఇద్దరు జర్మన్ అధికారుల మధ్య సమర్థుడు ఎవడు, అసమర్థుడు ఎవడు అన్న తగువుగా మనకు అందించారు. నలెవ్‌కి వీధి మూలన కిటికీల వెనక సీసాలు పట్టుకుని నిలబడ్డవాళ్లు ఆ కథలో తెర వెనక చప్పుళ్లుగా మిగిలారు. సైన్యం వెనక్కి తగ్గింది సామెర్న్ చేతకానితనం వల్లనా, వాళ్లు కొట్టడం వల్లనా? స్ట్రోప్‌కు మొదటి జవాబే కావాలి.

అంకెల విషయంలో చదువుకున్నవాళ్లు కూడా మోసపోతారు. 56,065. చివరి అయిదు దాకా లెక్క ఉందంటే నమ్మాలనిపిస్తుంది. ఇళ్లు కూలుతున్నాయి, మాళిగలు పేలుతున్నాయి, మనుషులు మంటల్లోంచి దూకుతున్నారు, అక్కడ ఒకటి రెండు తేడా లేకుండా ఎవరు లెక్కపెట్టారు? అదే నివేదికలో, మంటల్లో పేలుళ్లలో పోయినవాళ్లు మరో అయిదారు వేలు ఉండొచ్చని ఉజ్జాయింపు కూడా ఉంది. అంటే లెక్కలోకి రానివాళ్లు ఉన్నారని అతనికే తెలుసు. ఆ 56,065లో 6,929 మందిని ‘టి. II’ ద్వారా నిర్మూలించామని ఒక ముక్క ఉంటుంది. టి అంటే ట్రెబ్లింకా. ఒక అక్షరం, రెండు నిలువు గీతలు. ఏడు వేల మంది చావు అంత చోటులో సర్దేశాడు.

మిగిలినవాళ్లు? నలభై వేల దాకా మనుషుల్ని లుబ్లిన్ చుట్టుపక్కల మైదానెక్, పొన్యాతోవా, ట్రావ్నికి శిబిరాలకు తోలారు. నివేదిక అక్కడితో ఆగిపోతుంది, వాళ్లు ‘పట్టుబడినవాళ్లు’ అయిపోయారు. 1943 నవంబరు 3, 4 తేదీల్లో ఆ శిబిరాల్లో సుమారు 42 వేల మంది యూదులను గోతుల దగ్గర నిలబెట్టి కాల్చి చంపారు. ఆ చర్యకు హంతకులు పెట్టుకున్న పేరు ‘కోతల పండుగ’. కాల్పుల చప్పుడు వినపడకుండా లౌడ్‌స్పీకర్లలో సంగీతం పెట్టారు. వార్సా నుంచి వెళ్లినవాళ్లలో అత్యధికులు అక్కడే ముగిశారు. స్ట్రోప్ లెక్కను తిరుగుబాటుకు ముగింపు వాక్యంగా వాడే ప్రతి రచయితా, తెలిసో తెలియకో, ఆ నవంబరును కథ బయట పడేస్తున్నాడు. మే 16న ‘అయిపోయింది’ అన్నది కూడా అతని తేదీయే. ఆ తర్వాత నెలల తరబడి శిథిలాల కింద మనుషులు దాక్కుని బతికారు, పోరాడారు, చనిపోయారు. క్యాలెండరు కూడా హంతకుడిదేనా?

ఇదేదో చాదస్తం అనుకునేవాళ్లకు ఒక పెద్ద ఉదాహరణ చెబుతాను. రౌల్ హిల్‌బర్గ్ యూదుల సంహారం మీద 1961లో వెలువరించిన బృహద్గ్రంథం ఆ రంగానికి పునాది. దాన్ని చదవకుండా ఎవరూ ముందుకు పోలేరు. ఆయన జర్మన్ పత్రాల మీద ఆధారపడ్డారు, ఫైళ్లలో ఆ యంత్రం ఎలా తిరిగిందో చక్రం చక్రం విప్పి చూపించారు. కానీ అదే ఫైళ్లలోంచి యూదుల ప్రతిఘటనను కొలిచినప్పుడు, చచ్చిన జర్మన్ల సంఖ్యతో కొలిచారు. ఆ కొలతలో ప్రతిఘటన చాలా చిన్నదిగా తేలింది. జెరూసలేంలోని యాద్ వషేమ్ సంస్థ 1958లో ఆ గ్రంథ ప్రచురణలో భాగం పంచుకోనన్నప్పుడు చెప్పిన అభ్యంతరాల్లో ఇది ముఖ్యమైంది. ఒకే కాగితాల కట్టలోంచి ఒకరు మహావీరగాథ తీస్తారు, మరొకరు ‘ఏమీ లేదు’ అని తీస్తారు. రెండుచోట్లా కొలబద్ద హంతకుడిదే: వాడికి ఎంత నష్టం, వాడికి ఎంత ఆశ్చర్యం. హిల్‌బర్గ్ గొప్పవాడు కనుక ఆ ఒడ్డునే ఉండిపోలేదు. ఘెట్టో యూదు మండలి అధ్యక్షుడు ఆదమ్ చెర్న్యాకుఫ్ రాసుకున్న డైరీని, సామూహిక తరలింపు మొదలైన మర్నాడు ఆయన విషం మింగి చనిపోయేదాకా రాసిన డైరీని, తర్వాత తానే సంపాదకుల్లో ఒకరై ఇంగ్లిష్‌లోకి తెచ్చారు.

“వేరే ఆధారం ఏముంది మరి? అందరూ చచ్చిపోయారు కదా” అన్నది చివరి అస్త్రం. ఈ మాట విన్నప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది. ఇల్లు తగలబెట్టినవాడే ఆ ఇంటి దస్తావేజులకు సాక్షి అవుతాడా, మిగతా కాగితాలన్నీ కాలిపోయాయి కనుక? పైగా అది నిజం కూడా కాదు. ఎమ్మాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు ఘెట్టో లోపల ‘ఓనెగ్ షబ్బత్’ పేరుతో ఒక రహస్య బృందాన్ని నడిపాడు. రేషను కార్డులు, స్కూలు పిల్లల వ్యాసాలు, ట్రామ్ టిక్కెట్లు, ట్రెబ్లింకా నుంచి తప్పించుకొచ్చినవాళ్ల వాంగ్మూలాలు, అన్నీ కూడబెట్టారు. 1942 ఆగస్టులో, రైళ్లు రోజూ వెళ్తుండగా, నొవొలిప్కి వీధి 68లోని బడి కింద పది రేకు పెట్టెల్లో పాతారు. పాతినవాళ్లలో దవిద్ గ్రాబెర్‌కు పంతొమ్మిదేళ్లు. మరో దఫా రెండు పెద్ద పాలక్యాన్లలో పాతారు. యుద్ధం ముగిశాక ఆ బృందంలో ప్రాణాలతో మిగిలింది ముగ్గురే. వాళ్లలో ఇద్దరు, హెర్ష్ వాసెర్, రాఖేల్ అవెర్‌బాఖ్, పట్టుబట్టి వెతికించారు. 1946 సెప్టెంబరులో పెట్టెలు దొరికాయి. నీళ్లు దిగి కాగితాలు అతుక్కుపోయి ఉన్నాయి. 1950 డిసెంబరు 1న పాలక్యాన్లు దొరికాయి. ఆ రోజుకు స్ట్రోప్ ప్రాణాలతోనే ఉన్నాడు, అదే ఊళ్లో, మొకోటుఫ్ జైల్లో.

మూడో దఫా, తిరుగుబాటుకు కొద్ది రోజుల ముందు శ్వెంతొయెర్‌స్కా వీధిలో పాతినది, నేటికీ దొరకలేదు. తోలు అట్ట పుస్తకం చెక్కుచెదరకుండా ఉంది, దాచుకున్న పెట్టె మట్టిలో పోయింది. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. ఒకదాన్ని భద్రపరచడానికి ఒక రాజ్యం ఉంది. రెండోదానికి చెయ్యి అలిసిన కుర్రాళ్లు, ఒక పార. ఏది మిగిలిందన్నదాన్ని బట్టి ఏది నిజమో తేల్చితే, ఆ రాజ్యం అనుకున్నది ఇప్పుడు మన చేత్తో పూర్తి చేస్తున్నట్టే.

తిరుగుబాటు రోజుల గురించి కూడా మాటలు మిగిలాయి. మురుగు కాలవల్లోంచి పాక్కుంటూ బయటపడ్డ పోరాట యోధుడు మారెక్ ఎడెల్‌మన్ 1945లోనే తన వృత్తాంతం అచ్చువేశాడు. జీవియా లుబెట్‌కిన్ చెప్పింది, ఆ కాలవల్లోంచి వాళ్లను బయటికి తెచ్చిన సిమ్‌ఖా రోటెమ్ చెప్పాడు. వార్సా యూదు చరిత్ర సంస్థలో, యుద్ధం ముగియకముందే సేకరించడం మొదలుపెట్టిన వాంగ్మూలాలు ఏడు వేల దాకా ఉన్నాయి. వాటిలో మాళిగల్లో దాక్కున్న తల్లులు, దర్జీలు, పిల్లలు ఉన్నారు.

ఎడెల్‌మన్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. హన్నా క్రాల్ అనే విలేకరి ఆయనతో మాట్లాడి రాసిన పుస్తకం 1977లో వచ్చింది. మోచార్‌స్కీ పుస్తకం వచ్చిన ఏడాదే, అదీ ముందు ‘ఓద్రా’లోనే. అందులో ఎడెల్‌మన్ పోరాడినవాళ్లు తమ యూదు పోరాట సంస్థలో రెండు వందల ఇరవై మందే అన్నాడు. అనియెలెవిచ్ తల్లి చేపలమ్మేదని, మిగిలిపోయిన చేపలు తాజాగా కనబడటానికి కొడుకు చేత మొప్పలకు ఎర్రరంగు పూయించేదని చెప్పాడు. వీరుణ్ని చిన్నబుచ్చావని చాలామంది ఆయన మీద విరుచుకుపడ్డారు. తుపాకి పట్టి చనిపోయినవాళ్లకంటే, పిల్లల చెయ్యి పట్టుకుని రైలు దాకా నడిచినవాళ్లు ఏ విధంగానూ తక్కువ కాదని ఆయన జీవితమంతా చెబుతూనే ఉన్నాడు. ఇప్పుడు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టండి. సంఖ్యను పెంచి, శత్రువును పెద్దవాణ్ని చేసి, పేరు చెప్పకుండా పొగిడినవాడు స్ట్రోప్. సంఖ్యను తగ్గించి, చేప మొప్పల రంగుతో సహా తన నాయకుణ్ని మనిషిగా నిలబెట్టినవాడు ఎడెల్‌మన్. తనకు నష్టం తెచ్చే మాట చెప్పినవాణ్నే నమ్మాలన్న సూత్రం ఉంది కదా, ఆ సూత్రం ప్రకారం ఎవరిని నమ్మాలి?

స్ట్రోప్ నివేదికను మూలన పడేయమని నేను అనను. అలాంటి సంహారం జరగనే లేదని బుకాయించేవాళ్ల ముఖాన అది కొట్టాల్సిందే. ఉరికంబం దాకా అతన్ని నడిపించడానికి అది పనికొచ్చింది, పనికి రావాలి కూడా. అతని సంతకం అతని నేరానికి రుజువు. క్రిస్టఫర్ బ్రౌనింగ్ లాంటి చరిత్రకారులు నాజీ 101వ పోలీసు బెటాలియన్ వాళ్లు 1960లలో ఇచ్చిన వాంగ్మూలాలను ఎంత అనుమానంతో, ఒక్కో దాన్ని పదింటితో పోల్చి చదివారో అలా చదివితే దాని నుంచి నేర్చుకోవలసింది ఇంకా ఉంది. నేను కాదనేది ఒక్కటే. చంపినవాడి గురించి మాత్రమే చెప్పగల కాగితాన్ని చనిపోయినవాళ్ల గురించి చెప్పమని అడగొద్దు. దాని చూపులో తుపాకి పేల్చినవాడు బందిపోటు, పేల్చనివాడు మాళిగలోంచి ‘లాగిన’ వస్తువు. దాక్కున్న యాభై వేల మంది ఆ ఊపిరాడని గుంటల్లో ఎలా బతికారు, బిడ్డ ఏడిస్తే ఏం చేశారు, పైన ఇల్లు మండుతుంటే గోడలు ఎంత కాలేవి, దానికి తెలియదు.

ఫొటోల విషయమూ అంతే. చేతులెత్తిన ఆ చిన్న కుర్రాడి ఫొటో ప్రపంచమంతా తెలుసు. మన పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో ఎన్నోసార్లు చూశాం. అది స్ట్రోప్ ఆల్బమ్‌లోదని తెలిసినవాళ్లు తక్కువ. వెనక తుపాకి పట్టుకున్న యోజెఫ్ బ్లోషెను తర్వాత గుర్తుపట్టారు, 1969లో తూర్పు జర్మనీ అతనికి మరణశిక్ష అమలు చేసింది. కుర్రాడు ఎవరో ఈనాటికీ రూఢిగా తేలలేదు. ఆ రోజుల్లో ఘెట్టోలో ఫొటోలు తీసిన ఎస్‌ఎస్ అధికారి ఫ్రాంజ్ కొన్రాడ్, స్ట్రోప్‌తో పాటే బోనులో నిలబడి, స్ట్రోప్ క్రూరత్వం మీద హిట్లర్‌కు ఫిర్యాదు చేయడానికే వాటిని తీశానన్నాడు. కోర్టు నమ్మలేదు, ఉరి వేసింది. ఆ ఫొటోలు ఎంత స్పష్టంగా ఉంటాయో గమనించారా? తీసినవాడికి తొందర లేదు, భయం లేదు. నిలబెట్టి తీశారు.

అవే రోజుల్లో జ్బిగ్నియెఫ్ లెషెక్ గ్జివచెఫ్‌స్కీ అనే పోలిష్ అగ్నిమాపక ఉద్యోగి ఘెట్టో లోపల ఉన్నాడు. మంటలు గోడ దాటి అవతలి పేటలకు పాకకుండా చూడమని జర్మన్లు ఫైరింజన్లను లోపలికి తెచ్చారు. మనుషుల్ని కాపాడటానికి కాదు. అతను రహస్యంగా కెమెరా తీసుకెళ్లాడు. తిరుగుబాటు సమయంలో ఘెట్టో లోపల జర్మన్లు కానివాళ్లు తీసినవంటూ మనకు తెలిసిన ఫొటోలు అవే. కొన్ని ప్రింట్లు ముందే తెలిసినా, అసలు నెగెటివ్ 2022 చివర్లో ఆయన కొడుక్కి పాత సామాన్లలో దొరికింది. 48 ఫ్రేముల్లో 33 ఘెట్టోవి. వార్సాలోని పోలిన్ మ్యూజియం 2023లో, ఆయుధం పట్టని ఆ యాభై వేల మంది గురించి పెట్టిన ప్రదర్శనలో వాటిని చూపించింది.

వాటిలో చాలా వరకు మసగ్గా ఉంటాయి. ఒకదానికి కిటికీ చట్రం అడ్డొస్తుంది, ఒకదానికి గోడ, మరోదానికి ముందు నిలబడ్డ ఎవరివో వీపులు. వీధిలో పొగ. సైనికుల మధ్య మనుషులు నడిచిపోతున్నారు, రైళ్లు ఆగే చోటు వైపు. ముఖాలు పోల్చుకోలేం. కిటికీ వెనక నుంచి, ఎవరైనా చూస్తే కాల్చేస్తారన్న భయంతో, ఒకడు వాళ్ల వైపే చూస్తున్నాడు. ఆ ఫ్రేముల కింద ఎవరూ ఏమీ రాయలేదు.